సోమర్సెట్ దాటేదాకా

రండి, లోపలికొచ్చి ఆ తలుపు దగ్గరగా వేసేయండి. గ్యారేజీలో హీటరు లేదు, మాట్లాడితే నోట్లోంచి పొగలా ఆవిరి వస్తోంది. రాత్రి తొమ్మిదిన్నర. వర్జీనియాలో, ఆష్‌బర్న్‌లో మా వీధంతా సద్దుమణిగింది. వంటింట్లో మా ఆయన పులిహోర కలుపుతున్నారు, ఇంగువ పోపు వాసన ఇక్కడిదాకా వస్తోంది. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరితే పదింటికల్లా పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి మెట్లెక్కాలని మా లెక్క.

ఆ ముక్కాలిపీట మీద కూర్చోండి. కారు వెనక డోరు ఎత్తి ఉంచాను. దాని చిన్న దీపం వెలుగులో, సిమెంటు నేల మీద పాత దుప్పటి పరిచి సామానంతా పోశాను. అటుపక్క కుర్చీలో మంకీ క్యాప్ పెట్టుకుని, చేతులు చంకల్లో దాచుకుని మా నాన్న. తెనాలి నుంచి వచ్చి మూడు వారాలైంది. కింద బాసింపట్టు వేసుకుని మా అమ్మాయి, పదహారేళ్ళది. తన పాత స్కూలు సంచి జిప్పు గట్టిగా లాగుతోంది. రెండో తరగతిలో కొన్న సంచి, మీద వెలిసిపోయిన సీతాకోకచిలుకలు. రేపటికి మాకు కావలసింది అంత సంచే. పెద్ద ప్లాస్టిక్ పెట్టె పెట్టిన ఏడు ఏమైందంటే, విమానాశ్రయానికి వెళ్ళినప్పుడు సూట్‌కేసులకి చోటు చాలక మొదట దించేసింది దాన్నే. అది మళ్ళీ కారెక్కలేదు.

నాన్న లేచి వచ్చి కారు వెనక అట్ట పైకెత్తి చూశారు.

"డిక్కీలో స్టెప్నీ ఏదమ్మా?"

"ఈ కారుకి స్టెప్నీ ఇవ్వలేదు నాన్నా. గాలి కొట్టే చిన్న మిషనూ, పంచరు పూడ్చే జిగురు డబ్బా ఇచ్చారంతే."

"టైరు పక్క కోసుకుపోతే?"

"టో ట్రక్కు వచ్చేదాకా కూర్చోవడమే."

ఆయన అట్ట మూసి, మళ్ళీ కుర్చీలో కూర్చుని, "అయితే కూర్చోడానికి కావలసినవి సర్దమ్మా" అన్నారు.

ఇరవై రెండేళ్ళుగా ఈ దేశంలో కారు నడుపుతున్నాను. ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు. దుకాణాల్లో అమ్మే కిట్లలో ఏముంటాయో చూశారా? చిన్న పానా, చిన్న స్క్రూడ్రైవరు, ఫ్యూజులు, టేపు. కారుని బాగుచేయడానికే అన్నీ. ఇప్పటి కారుని రోడ్డు పక్కన నిలబడి మనం బాగుచేసేదేమీ ఉండదు. చేయాల్సింది ఒక్కటే. సాయం వచ్చేదాకా లోపలున్నవాళ్ళు వెచ్చగా, తెలివిగా, కదలకుండా ఉండాలి.

రేపు వెళ్ళే దారి చెబుతాను, ఈ సామాను ఎందుకో మీకే తెలుస్తుంది. లీస్‌బర్గ్ మీదుగా ఫ్రెడరిక్, అక్కణ్ణించి ఐ-70 మీద హ్యాన్‌కాక్, ఆ పైన బ్రీజ్‌వుడ్. అక్కడ పెట్రోలు బంకుల వరస దాటి పెన్సిల్వేనియా టర్న్‌పైక్ ఎక్కుతాం. ఆ ఎగ్జిట్ నంబరు 161. పడమటికి వెళ్తుంటే తర్వాతది బెడ్‌ఫర్డ్, 146. ఆ తర్వాతది సోమర్సెట్, 110. ఆ నంబర్లు మైళ్ళ లెక్కే. అంటే బెడ్‌ఫర్డ్ వదిలాక 36 మైళ్ళ దాకా దిగే దారి లేదు. అల్లెఘెనీ కొండా, దాని కడుపులోంచి వెళ్ళే సొరంగమూ ఆ మధ్యలోనే. పెన్సిల్వేనియాలో అన్నిటికన్నా ఎత్తయిన మౌంట్ డేవిస్, 3,213 అడుగులు, ఆ సోమర్సెట్ కౌంటీలోనే ఉంది. మా ఇంటి దగ్గర ఎండ కాస్తుంటే అక్కడ మంచు కురవడం మామూలే.

2016 జనవరి 22, శుక్రవారం రాత్రి. పెద్ద మంచు తుపాను. ఆ సొరంగం వైపు ఎక్కే ఎత్తు మీద లారీలు జారి అడ్డం తిరిగాయి. వెనకొచ్చినవి వచ్చినట్టే ఆగిపోయాయి. సోమర్సెట్, బెడ్‌ఫర్డ్ కౌంటీల్లో అయిదొందలకు పైగా వాహనాలు. చాలామంది 24 గంటలు దాటినా కదల్లేదు. మా పక్క ఊరు ఫెయిర్‌ఫాక్స్‌లో జార్జ్ మేసన్ యూనివర్సిటీతో ఆడి పిట్స్‌బర్గ్ తిరిగి వెళ్తున్న డ్యుకేన్ బాస్కెట్‌బాల్ జట్టు బస్సు కూడా అందులోనే ఉంది. రేపు మేం వెళ్ళే దారీ, మేం వెళ్ళే దిక్కూ అదే. వాషింగ్టన్ నుంచి వెళ్తున్న కాథలిక్ యాత్రికులైతే, రోడ్డు వారన మంచుతోనే బలిపీఠం కట్టుకుని పూజ చేసుకున్నారు.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా నా కళ్ళకి కనిపించేది మన కార్లు. రేపు మేం వెళ్ళే ఆ పిట్స్‌బర్గ్ గుడిలో స్వామిని ప్రతిష్ఠించింది 1977లో. అప్పట్నించీ తూర్పు వైపున్న మనవాళ్ళు తలనీలాలకీ, అన్నప్రాశనలకీ, కల్యాణాలకీ ఈ కొండలెక్కి వెళ్తూనే ఉన్నారు. మనం ఎలా వెళ్తామో మీకు తెలుసు. హీటరున్న ఇంట్లోంచి, గ్యారేజీలోనే కారెక్కి, హీటరు పెట్టుకుని, హీటరున్న గుడి ముందు దిగుతాం. ఒంటిమీద పట్టుచీర, కాళ్ళకి చెప్పులు. పెద్దవాళ్ళకి పంచె. కోట్లు ఉక్కపోతని వెనక పడేస్తాం. మనం కట్టుకునేది గుడికి తగిన బట్టలు. దారికి తగినవి ఒక్కటీ ఉండవు. అందుకే ఈ సంచిలో మొదట వెళ్ళేవి అవే. బుజ్జీ, అడుగున బూట్లు పెట్టు.

అదిగో, ఉన్ని మేజోళ్ళు నాలుగు జతలు, ఉన్ని టోపీలు, తొడుగులు. నూలు మేజోళ్ళు వద్దు. నూలు తడిస్తే ఒంట్లోని వేడిని లాగేస్తుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. ఆ మాట అనగానే నాన్న ముఖం వెలిగింది.

"గొంగళి అంతే కదమ్మా. కళ్ళం దగ్గర రాత్రి కాపలా పడుకునేవాళ్ళం. తెల్లారేసరికి మంచుకి పైనంతా చెమ్మే. లోపల మాత్రం పొయ్యి పక్కన పడుకున్నట్టుండేది."

గొంగళి లేదు గానీ ముదురు నీలం రంగు ఉన్ని రగ్గులు రెండు ఉన్నాయి. ఇవి సంచిలో పట్టవు, వెనక సీటు కింద చుట్టి పెడతాం. ఇదిగో, వెండి కాగితంలా ఉన్న ఈ దుప్పట్లు పట్టుకు చూడండి. మడిస్తే అరచేతిలో పడతాయి. వీటినే చాలామంది దుప్పట్లకి బదులు కొని నిశ్చింతగా ఉంటారు. నేను ఒప్పుకోను. ఇవి ఒంటి వేడిని తిప్పికొడతాయి, గాలిని ఆపుతాయి, అంతవరకే. మెత్తదనం లేదు, ఇట్టే చిరుగుతాయి, పిల్లలు కదిలితే చప్పుడు. రగ్గు కప్పి దాని మీద ఇది చుట్టుకుంటే మాత్రం బాగా పనిచేస్తుంది. నాలుగు పెట్టాను.

ఇక ఈ పార. పిడి మడతపెట్టేది, మూరెడు కూడా లేదు. చక్రాల ముందు మంచు తవ్వడానికి అనుకుంటారు. దానికీ పనికొస్తుంది. కానీ నేను దీన్ని కొన్నది మరో పనికి.

2016 తుపానులోనే, న్యూజెర్సీలోని పసేయిక్ ఊళ్ళో, ఒకాయన తన కారు చుట్టూ మంచు తవ్వుతున్నాడు. చలికి పెళ్ళాం పిల్లల్ని కారులో కూర్చోబెట్టి ఇంజను వేసి ఉంచాడు. వెనక పొగగొట్టం మంచులో కూరుకుపోయి ఉంది. ఆ పొగ లోపలికి తిరిగింది. తల్లీ, ఏడాది కొడుకూ చనిపోయారు. తండ్రి కొన్ని అడుగుల దూరంలోనే ఉన్నాడు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు. నిద్ర వచ్చినట్టుంటుంది.

నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. "సైలెన్సర్ గొట్టమా" అన్నారు చివరికి. అవును నాన్నా, అదే. అందుకే మా ఇంట్లో నియమం: మంచులో ఆగితే, ఇంజను వేసే ముందు ఒకరు దిగి ఆ గొట్టం చుట్టూ శుభ్రంగా తవ్వాలి. వాతావరణ శాఖ వాళ్ళు చెప్పేది గంటకు పది నిమిషాలు ఇంజను వేసి, వెచ్చబడగానే ఆపేయమని. వేసినంతసేపూ గాలి కొట్టని వైపు అద్దం కొంచెం దించాలి. ప్రతిసారీ మళ్ళీ దిగి చూడాలి, మంచు కురుస్తూనే ఉంటుంది కనక. అందుకని పార వెనక డిక్కీలో ఉండదు. డిక్కీ తలుపు గడ్డకట్టి రాకపోవచ్చు, వెనకంతా మంచు పేరుకోవచ్చు. ముందు సీటు కిందే ఉంటుంది. సంచి కూడా అంతే, చెయ్యి చాపితే అందేచోట.

ఉత్తరాన మిన్నెసోటా వాళ్ళు కాఫీ డబ్బాలో కొవ్వొత్తులు, అగ్గిపెట్టె పెట్టుకుంటారు. డబ్బాలో వత్తి వెలిగించి చేతులు కాచుకోవచ్చు, మంచు కరిగించుకోవచ్చు. వాళ్ళ చలి వేరు, వాళ్ళ అనుభవం వేరు, గౌరవిస్తాను. రగ్గులూ పట్టుచీరలూ ఉన్న కారులో నేను మాత్రం మంట పెట్టను. డబ్బా తీసుకున్నాను, కొవ్వొత్తి తీసుకోలేదు.

డబ్బా ఎందుకంటే, చెబుతాను. ఎవరూ పైకి అనరు గానీ, ఆరేడు గంటలు కారులో ఉంటే మొదట వచ్చే ఇబ్బంది ఆకలి కాదు. మా అత్తగారు ఒకసారి రెండు గంటల ట్రాఫిక్‌లో నీళ్ళు తాగడం మానేసి, పెదవులు ఎండిపోయి, కళ్ళు తిరిగేదాకా ఓర్చుకున్నారు. ఎందుకని అడిగితే చెప్పలేదు. మాకే తట్టాలి. ఆ రోజు నుంచి ఈ మూత డబ్బా, దళసరి సంచులు, పిల్లుల కోసం అమ్మే ఇసుక ఒక పొట్లం, తుడుచుకునే కాగితాలు, అడ్డం పట్టుకోవడానికి ఒక పాత చీర. ఆ ఇసుక చక్రం జారితే కిందకూడా వేయొచ్చు. మన ఆడవాళ్ళకీ, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకీ ఈ ఒక్క ఏర్పాటు ముందే చెప్పి చూపించండి. "ఇది ఉంది, మొహమాటపడొద్దు" అంటే వాళ్ళు నీళ్ళు తాగుతారు.

నీళ్ళంటే, ఇవిగో సీసాలు. నిండా పోయకూడదు బుజ్జీ. నీరు గడ్డకడితే పదో వంతు దాకా ఉబ్బుతుంది, సీసా పగులుతుంది. ముప్పాతిక చాలు. నాన్న తన మరచెంబు తలుచుకుంటున్నారు. రైలెక్కితే మరచెంబూ, అరిటాకులో కట్టిన సద్దీ లేకుండా మా నాయనమ్మ గడప దాటేది కాదట. ఆ పద్ధతే ఇది. పులిహోర పగటి ప్రయాణానికి. సంచిలో ఉండేది వేరు: వేరుశెనగ పట్టీలు, ఖర్జూరాలు, ఇదిగో ఇటుకలాంటి బిస్కెట్టు కూడా, సముద్రంలో లైఫ్‌బోట్లకని కోస్ట్‌గార్డ్ ఆమోదించిన రకం. ఒక్కదానిలో 3,600 కేలరీలు, అయిదేళ్ళు నిలవ. జంతికలు పెట్టనివ్వలేదు. ఉప్పు దాహం పెంచుతుంది. అమ్మాయి అలిగి వాటిని పులిహోర సంచిలో పెట్టుకుంది.

2022 జనవరి 3న ఇక్కడికి దగ్గర్లోనే, ఫ్రెడరిక్స్‌బర్గ్ చుట్టూ ఐ-95 అలాగే నిలిచిపోయింది. ముందు వాన పడటంతో రోడ్డు మీద ఉప్పునీళ్ళు చల్లినా నిలవవని చల్లలేదు. వానే మంచుగా మారింది, లారీలు అడ్డం తిరిగాయి, నలభై మైళ్ళకు పైగా కార్లు రాత్రంతా కదల్లేదు. మా సెనేటర్ టిమ్ కేన్ రిచ్‌మండ్ నుంచి వాషింగ్టన్‌కి రెండు గంటల దారని బయల్దేరి 27 గంటలకు చేరారు. ఫ్లోరిడా నుంచి కనెక్టికట్ తిరిగి వెళ్తున్న ఒక కుటుంబం కారు కారుకీ నడిచి నారింజలు పంచిందట, ఆయనకీ ఒకటి అందింది. రొట్టెల లారీ ఒకటి అందులో చిక్కుకుంటే, దాని తలుపులు తెరిచి చుట్టుపక్కలవాళ్ళకి రొట్టెలు పంచారు. అప్పట్నించీ నేను పట్టీలు మాకు కావలసినదానికి రెట్టింపు పెడతాను. పక్క కారులో చంటిపిల్ల ఉండొచ్చు.

నాన్న మందులు సంచిలో ఉండవు. కారులో వదిలేస్తే చలికీ ఎండకీ పాడవుతాయి. బీపీ మాత్రలు రెండు రోజులకి సరిపడా చిన్న డబ్బీలో ఆయన జేబులోనే. ఆయన ఇన్సులిను గడ్డకడితే ఇక పనికిరాదు, అందుకని కోటు లోపలి జేబులో, ఒంటి వెచ్చదనానికి ఆనుకుని. గ్లూకోజు బిళ్ళలు మాత్రం ముందు అరలో. పవర్ బ్యాంకూ అంతే, కారు తాళాల పక్కన కొక్కేనికి వేలాడుతుంది, మాతో వస్తుంది, మాతో ఇంట్లోకి వెళ్తుంది. తలకి కట్టుకునే దీపానికి లిథియం బ్యాటరీలు వేశాను. మామూలువి చలికి నీరసిస్తాయి, ఎక్కువ రోజులుంటే కారతాయి కూడా.

మిగతావి త్వరగా కానిచ్చేద్దాం, మీకూ చలేస్తోంది. అద్దం గీకే పలక. మూడు త్రికోణాలు, వెలుతురు పడితే మెరిసేవి. విజిలు. ఎర్ర గుడ్డ ముక్క, కారుకి కట్టడానికి. పెన్సిల్వేనియా కాగితం మ్యాపు. పెన్సిలు, చలికి పెన్ను రాయకపోవచ్చు.

జంపర్ తీగలు మాత్రం మా అమ్మాయి చేత చేయించాలి. "చెప్పు" అన్నాను. వేళ్ళ మీద లెక్కపెడుతూ చెబుతోంది: ఎర్రది చచ్చిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో ఎర్రది మంచి బ్యాటరీ ప్లస్‌కి, నల్లది మంచిదాని మైనస్‌కి, చివరి నల్లది...

"చచ్చినదాని మైనస్‌కి?"

కాదు. చివరిది బ్యాటరీకి తగిలించకూడదు. ఇంజను దగ్గర రంగు లేని ఇనుప భాగానికి. అక్కడ నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉండొచ్చు. మళ్ళీ చెప్పించాను, రెండు సార్లు. తీసేటప్పుడు వెనక నుంచి ముందుకి.

ఆఖరిది వస్తువు కాదు, మాట. ఇది చెప్పకుండా నేను ఎవరికీ సంచి ఇవ్వను. 2006 నవంబరులో జేమ్స్ కిమ్ అనే ఆయన, సీనెట్ అనే టెక్నాలజీ వెబ్‌సైటులో పనిచేసే పాత్రికేయుడు, భార్యా ఇద్దరు చిన్నపిల్లలతో ఆరెగాన్ కొండల్లో దారి తప్పి మంచులో చిక్కుకున్నారు. వారం రోజులు కారులోనే ఉన్నారు. టైర్లు కాల్చి పొగ పెట్టారు. సాయం రాలేదు. డిసెంబరు 2న ఆయన నడిచి వెళ్ళారు. డిసెంబరు 4న హెలికాప్టరు నుంచి కారు దగ్గర తల్లీపిల్లల్ని చూసి కాపాడారు. ఆయన దేహం 6న దొరికింది. ఆయన తొందరపడ్డారని నేను ఎన్నడూ అనను. వారం రోజులు ఓర్చుకున్న తండ్రి ఆయన. కానీ పైనుంచి వెతికేవాళ్ళకి మనిషి కన్నా కారు తొందరగా కనిపిస్తుంది. బుజ్జీ, నువ్వు ఒక్కదానివే నడిపే రోజు వస్తుంది. కారు వదిలి వెళ్ళొద్దు. 911కి ఫోన్ చేస్తే ముందు మైలురాయి నంబరు, ఏ దిక్కుకి వెళ్తున్నావో చెప్పు. తర్వాతే మిగతావి.

"సరే అమ్మా" అంది. ఈసారి ఫోన్ వంక చూడలేదు.

సంచి జిప్పు పడింది. దీపావళికి ఉన్ని బట్టలు, ఉగాదికి నీళ్ళూ పట్టీలూ మారుస్తాం, పండగతో పాటైతే మరిచిపోం. రేపటికి ఆ కొండల మీద తుపాను హెచ్చరిక ఉండుంటే ఈ సర్దుడే ఉండేది కాదు, ప్రయాణం మానేసేవాళ్ళం. స్వామి ఎక్కడికీ పోడు. సూచనలో చిన్న జల్లులే ఉన్నాయి.

మీరూ వస్తున్నారుగా. అయిదింటికి.

బ్రీజ్‌వుడ్‌లో ట్యాంకు సగం పైనే ఉన్నా మళ్ళీ నింపాం. బెడ్‌ఫర్డ్ దాటేసరికి ఆకాశం బూడిదరంగు తిరిగింది. మొదట అద్దం మీద నాలుగు పలుకులు. తర్వాత రోడ్డు అంచులు తెల్లబడ్డాయి. తర్వాత గీతలు కనబడ్డం మానేశాయి. ఎత్తు ఎక్కుతున్నాం. ముందున్న లారీ వెనక దీపాలు ఎర్రగా వెలిగాయి, దాని ముందు మరో జత, ఆ పైన మలుపు దాకా ఎరుపే. మా ఆయన మెల్లగా ఆపారు. అయిదు నిమిషాలు. పావుగంట. అరగంట. ఎవరూ కదల్లేదు. ఇంజను ఆపేశారు. ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమో వినండి, పైకప్పు మీద మంచు పడటం వినిపిస్తోంది.

కారు చల్లబడుతోంది. మీ మోకాళ్ళ దగ్గర సంచి జిప్పు చప్పుడు. మా అమ్మాయి ఎవరూ చెప్పకుండానే పెన్సిలు తీసి మ్యాపు అంచున "మైలు 126, పడమటికి" అని రాసింది. తర్వాత వంగి, పట్టుపంచె కింద ఆనించి ఉన్న తాతయ్య పాదాలు రెండూ తన ఒళ్ళోకి తీసుకుంది. ఆయన "వద్దమ్మా, నేను..." అంటూనే ఉన్నారు, అది ఒక్కో మేజోడూ మడమ దాకా లాగి, చుట్టూ రగ్గు దోపుతోంది.

నేను సీటు కిందకి చెయ్యి పోనిచ్చి పార అందుకున్నాను. తలుపు తెరిచి, వెనక గొట్టం దగ్గరకి నడిచాను.